ఎడమ బటన్

జూన్ 9

కుట్టు యూనిట్‌లో ట్రెయినీగా మొదటి రోజు. పిన్ని ఇక్కడే పని చేస్తుంది, నా గురించి సార్‌కి చెప్పింది కూడా తనే. హోటళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫాం కోట్లు కుడతారు. ఒక్కొక్కరి కొలతలు కంప్యూటర్‌లో ఎక్కించి ప్యాటర్న్ తయారు చేయడం నా పని. సాఫ్ట్‌వేర్ అంతా జర్మన్! సార్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారట, అందులో ఇంకో భాష లేదట. భాషతో నీకేం పనమ్మా, బొమ్మలు చూసి నొక్కు అన్నారు. సేవ్ చేసేటప్పుడు ఒక బాక్స్ వస్తుంది, రెండు బటన్లుంటాయి, ఎప్పుడూ ఎడమదే నొక్కు, కుడిదాని జోలికి పోకు అని మాత్రం రెండుసార్లు చెప్పారు.

జూన్ 11

ఎర్మెల్ అంటే కోటు చెయ్యి. నాట్ అంటే కుట్టు. రెండు మాటలూ రోజంతా నోట్లో వేసుకుని చప్పరించాను. బస్సులో పిన్నికి చెబితే, కుట్టుకి నాటా, నాటుగా కుడతారు కాబోలు అని నవ్వింది.

జూన్ 16

పిన్ని పని దగ్గర కూర్చుని చూశాను. ట్రయల్‌కి వెళ్ళిన కోట్లలో చాలావరకు వెనక్కి వచ్చేస్తాయి. చేతులు పొడవు, నడుము వదులు. పిన్ని వాటి కుట్లు విప్పి, చేతి సూదితో సరిచేస్తుంది. రోజూ ఇదే. కొలతలు తీసే టేపన్నని తిట్టుకుంటూ విప్పుతుంది. వీడి టేపు తగలెయ్య, మనుషుల్ని కొలుస్తాడా గోడల్ని కొలుస్తాడా అంటుంది. టేపన్న వినపడనట్టు టీ తాగుతాడు.

ఆయన రాసిచ్చిన కొలతలు నేను సరిచూసుకునే ఎక్కించాను. మరి తేడా ఎక్కడ?

జూన్ 19

లోపలికి ఫోన్ తేనివ్వరు. బాక్స్‌లో ఉన్న వాక్యాన్ని రోజుకో ముక్క అరచేతి మీద రాసుకుని ఇంటికి తెచ్చుకుంటున్నాను. అమ్మ చూసి, మొహం కడుక్కునే ముందు చెయ్యి కడుక్కోవే అంది.

జూన్ 24, సాయంత్రం 6

వాక్యం పూర్తయింది. డిక్షనరీ ముందు పెట్టుకుని విడదీశాను. కొలతలు స్టాండర్డ్ సైజులో లేవు, దగ్గరి సైజుకి మార్చాలా? ఎడమ: మార్చు. కుడి: ఉన్నవే ఉంచు.

అంటే నేను ఎక్కించిన కొలతలన్నీ ఆ ఒక్క నొక్కుతో పోతున్నాయి. టేపన్న తప్పేమీ లేదు. సార్‌కి చెప్దామని ఫోన్ తీశాను. పెట్టేశాను. కోట్లు సరిగ్గా వస్తే పిన్నికి పనేముంటుంది?

జూన్ 25

నిన్నటిదాకా తెలియక నొక్కాను. ఈ రోజు తెలిసి నొక్కాను.

జూన్ 30

హోటల్ వాచ్‌మన్ కొలతలు వచ్చాయి. ఆయనకి ఒక చెయ్యి పొట్టి. టేపన్న రెండు చేతులూ విడివిడిగా కొలిచి, కింద జాగ్రత్త అని రాశాడు. ఆ మాట చూశాక ఎడమది నొక్కబుద్ధి కాలేదు.

కుడిది నొక్కాను. ఏమీ పేలలేదు.

జూలై 3

వాచ్‌మన్ కోటు వెనక్కి రాలేదు. ఇది తప్పకుండా వస్తుందని పిన్ని ముందే దారం కూడా తీసి పెట్టుకుంది. బస్సులో, ఏం చేశావే అని అడిగింది. అంతా చెప్పేశాను. అయ్యో, ఇన్నేళ్ళూ ఆ టేపోడి ఉసురు పోసుకున్నానా అంటూ నవ్వు ఆపుకోలేకపోయింది. నీ పని పోతుందేమో పిన్నీ అన్నాను. నవ్వు ఆగింది. పోతే పోనీ అని మాత్రం అనలేదు. రేపు పొద్దున్నే చెప్పెయ్, నేను పక్కనుంటాను, లేకపోతే నీకు నోరు పెగలదు అంది.

జూలై 4

చెప్పాను. సార్ మొదట నమ్మలేదు. అమ్మినవాడే ఎడమది నొక్కమన్నాడు కదమ్మా అన్నారు. బటన్ల అర్థం చదివి వినిపిస్తే పగలబడి నవ్వారు. అంతలో పిన్ని కనబడింది, నవ్వడం మానేశారు. విప్పే పని ఇక ఉండదమ్మా, కోట్లకి చేతులు ఎక్కించే మిషన్ మీద కూర్చో, ఒక వారం చూస్తాను, ఆ తర్వాత సంగతి తర్వాత అన్నారు. పిన్ని సరేనంది. మిషన్ తొక్కి ఎన్నేళ్ళయిందో అని నాతో మాత్రమే అంది.

జూలై 7

బాక్స్ వచ్చింది. కుడి.

పిన్ని మొదటి కోటుకి చెయ్యి ఎక్కించింది. వంకరగా వచ్చింది. సార్ వెనకే నిలబడి ఉన్నారు. పిన్ని తలెత్తకుండా విప్పేసింది. అంత వేగంగా విప్పడం ఇక్కడ ఇంకెవరికీ రాదు. టేపన్న తన టీ తెచ్చి ఆమె పక్కన పెట్టి వెళ్ళాడు. మళ్ళీ ఎక్కించింది.