దేవుని డబ్బాలో సేటు బియ్యం

కొత్తకోట,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రేమగల అక్కకు,

ప్రభువు నామంలో నీ చెల్లెలు చేతులు జోడించి చెప్పే వందనాలు. బావకు, అమ్మకు వందనాలు. పిల్లలిద్దరికీ ముద్దులు. ఆయన దయవల్ల నేను, నీ మరిది ఇక్కడ బాగానే ఉన్నాం. మీరంతా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? తెలకపల్లి దవాఖానలో ఇచ్చిన మాత్రలు మింగుతున్నదా, దిండు కింద దాస్తున్నదా? ఆమె సంగతి నాకు తెలుసు. నువ్వే దగ్గర కూర్చుని మింగించు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తిగా చెప్పనివ్వవు అక్కా, సగంలోనే "అయ్యో నా బిడ్డా" అని మొదలుపెడతావు. ఇది మొదటి నుంచి చివరిదాకా చెప్పాల్సిన సంగతి.

మేం ఇక్కడికి వచ్చి ఆరు నెలలు నిండాయి. టైర్ల దుకాణం వెనక రేకుల గదిలో ఉంటున్నాం. నీ మరిది ఆ దుకాణంలోనే లారీ టైర్లు విప్పుతాడు, బిగిస్తాడు. ఆయన ఒంటికి పట్టిన గ్రీసు వాసన ఏ సబ్బుకూ లొంగదు. నేను రోడ్డు అవతల ధాబాలో వంటకు కుదిరాను. చలి మొదలైంది, తెల్లవారుజామున రేకులు పట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. దుప్పట్లు సరిపోతున్నాయి, బెంగ పెట్టుకోకు. బెంగళూరు దిక్కు నుంచి వచ్చే డ్రైవర్లు "ఊట ఆయ్తా అక్కా?" అంటారు, తిన్నావా అని. తినడానికి వచ్చింది వాళ్లు, అడిగేది నన్ను! తిండికి ఏ లోటూ లేదు. కాకపోతే ఇక్కడ రొట్టె అంటే చపాతీలే. నా నాలుక ఇంకా జొన్నరొట్టె దగ్గరే ఉంది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసాలో పుంటికూర తొక్కు, కొన్ని పల్లీలు పంపు. సిగ్గు విడిచి అడుగుతున్నాను.

మొదటి నెల మాత్రం చాలా ఒంటరిగా ఉండేది. మన ఊళ్లో నేను పాట ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. ఇక్కడ మందిరంలో చివరి చాప మీద కూర్చుని లేచి వచ్చేదాన్ని, పేరు అడిగినవాళ్లు లేరు.

గుప్పెడు బియ్యం అలవాటు నాకు నేర్పింది నువ్వే. అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి దేవుని డబ్బాలో వేయాలి. ఆదివారం వాటిని మందిరంలో పోస్తే పాస్టరు అయ్యగారి ఇంటికీ, దిక్కులేనివాళ్లకూ పోతాయి. బియ్యం తక్కువున్న రోజు నేను వేళ్లు ముడిచి చిన్న గుప్పెడు తీస్తే నెత్తి మీద మొట్టేదానివి. ఆ మొట్టికాయల పుణ్యమా అని చెయ్యి బాగానే నేర్చుకున్నది. మనసే నేర్చుకోలేదు.

నెల దాటాక ధాబాలో పనికి కుదిరిన మొదటి రోజే, పెద్ద గిన్నెలో బియ్యం పోసుకోగానే నా చెయ్యి దానంతట అదే వెళ్లి ఒక గుప్పెడు తీసింది. తీశాక గానీ గుర్తు రాలేదు, ఇవి నావి కావని. వెనక్కి వేద్దామంటే, దేవునికని తీసింది మళ్లీ గిన్నెలో ఎట్లా వేస్తామని భయం. గిన్నెలు తోమే చోట గూట్లో ఖాళీ డబ్బా ఉంటే అందులో వేశాను. మొదటి రోజుది పొరపాటు. రెండో రోజు తెలిసే తీశాను. రోజుకు నాలుగుసార్లు అన్నం వండుతాం. గుప్పెడు కాస్తా దోసెడైంది. నాది కాని బియ్యానికి నా చెయ్యి ఎంత పెద్దదైందో చూడు!

ఆదివారం మందిరంలో అందరి సంచులకంటే నాదే బరువు. పాస్టరుగారి భార్యను ఇక్కడ అమ్మగారు అంటాం. ఆమె నా సంచి ఎత్తి చూసి, "సూడుండ్రి, కూలికొచ్చిన బిడ్డ మనందరికంటే ఎక్కువ తెచ్చింది" అన్నది. ఆ రోజు నుంచి నా చోటు ముందు చాప మీదికి మారింది. పాట ఎత్తుకోమన్నారు. ఇక వారమంతా ఆ మాట కోసమే చూసేదాన్ని. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది పరలోకం కాదు, అమ్మగారి మొహం. నీకు ఫోను చేసి గొప్పలు పోయింది అప్పుడే. నువ్వు సంబరపడి, బుధవారం ఆడవాళ్ల ప్రార్థనలో లేచి "మా చెల్లె తనకు లేకున్నా గూడ దేవునికి పెడుతుంది" అని సాక్ష్యం చెప్పావు. అది విన్నప్పుడు నాకు సిగ్గు వేయలేదు అక్కా, పొంగిపోయాను.

తర్వాత కొన్నాళ్లకు ధాబా నడిపే సేటుకు బియ్యం తగ్గుతున్నాయని అనుమానం వచ్చింది. వెతికితే డబ్బా దొరికింది. గిన్నెలు తోమే చోట ఉంది కాబట్టి నేరం బాలమ్మ మీద పడింది. ఆమె శ్రీరంగాపూర్ దిక్కు మనిషి. అరవై దగ్గర వయసు, మొగుడు లేడు, గిన్నెలు తోముకుని బతుకుతున్నది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను.

"ఏందే ఇది?" అన్నాడు సేటు.

"రంగనాయకసామి తోడు సేటూ, నేను తియ్యలె."

"నీ గూట్లకు డబ్బా నడుసుకుంట వచ్చిందా? ఉన్న గిన్నెలు తోమి ఎల్లిపో. రేపటి సంది రాకు."

నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. తల వంచుకుని గరిటె తిప్పుతూ ఉన్నాను. చెబితే పని పోతుంది, మందిరంలో పేరు పోతుంది, నువ్వు చెప్పిన సాక్ష్యం నవ్వులపాలవుతుంది. ఆ పూటంతా ప్రార్థన చేశాను. ఏమని? నేను నోరు తెరవకుండానే బాలమ్మ పని నిలబెట్టు ప్రభువా అని! అంత తెలివి నాది. బాలమ్మ ఏడవలేదు, గొడవపడలేదు. తోముతూ తోముతూ నా వైపు రెండుసార్లు చూసింది.

పొద్దు వాలుతుండగా ఆమె చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకున్నది. ఇక నావల్ల కాలేదు. పరుగున పోయి సేటు ముందు నిలబడ్డాను.

"తీసింది నేను సేటూ. పెద్దమ్మకేం తెల్వదు. మా మందిరంల పోసిన."

సేటు "దేవునికియ్యనీకె నా బియ్యమే దొరికినయా? నా బియ్యంతోని నువ్వు సొర్గానికి పోతవా?" అని అరిచాడు. డ్రైవర్లు తినడం ఆపి చూశారు. నిజం అక్కా, అంత సూటిగా నాకు ఏ ప్రసంగంలోనూ తగల్లేదు. తర్వాత తనే చల్లబడ్డాడు. "నువ్వు చెప్పకుంటే ముసల్దాన్ని ఎల్లగొట్టి పాపం మూటగట్టుకుంటుంటి. రేపటి సంది నువ్వు గిన్నెలు తోము. అన్నం బాలమ్మ వండుతది" అన్నాడు. పని పోలేదు. నేను ఆ పొయ్యి పక్కనే మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెప్పాను.

బాలమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తానే వచ్చి కూర్చుని, "నువ్వు తీస్తుంటే నేను రోజూ సూసిన బిడ్డా" అన్నది.

"మరి సేటుకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"సెప్తే నీ నోటికాడి కూడు పోతదని. నువ్వే సెప్తవేమోనని సూసిన. జర ఆలస్యం జేసినవు, అంతే."

నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. నేను మందిరంలో ముందు చాప మీద కూర్చుని పాటలు ఎత్తుకున్నాను. ఏ పాటా తెలియని ఆమె నా కూడు కోసం తన కూడు వదులుకుని చెప్పులేసుకున్నది.

ఆ ఆదివారం ఖాళీ చేతులతో వెళ్లి అయ్యగారికి, అమ్మగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక ముందు మా ఇంటి బియ్యం దేవునికి పోయాలా, సేటు అప్పు తీర్చాలా అని అడిగాను. "ముందు సేటు సంచిల వొయ్యి. దేవుడు ఆగుతడు, ఆయనకేం ఆకలి గాదు" అన్నారు అయ్యగారు. "మనసు ఒక్కపూటల మర్లదు బిడ్డా. కోడిపిల్ల లెక్క, గింజలు యాడేస్తే ఆడికే పోతది. రోజూ పైదిక్కుకే ఎయ్యి, గదే అలవాటైతది" అన్నారు.

అప్పటి నుంచి రోజూ మా రేషన్ బియ్యంలోంచి దోసెడు తీసుకెళ్లి సేటు సంచిలో పోశాను. సేటు మొదట కసురుకున్నాడు, తర్వాత ఊరుకున్నాడు. నీ మరిది "సేటుకు మనమే కూలిస్తున్నమా ఏంది?" అని ఎగతాళి చేస్తూనే, ఒక ముద్ద తక్కువ తిన్నాడు. బంగారం లాంటి మనిషిని కట్టబెట్టారు నాకు. పోయిన వారంతో సేటుది తీరిపోయింది. ఇప్పుడు మళ్లీ దేవుని గుప్పెడు తీస్తున్నాను, మా ఇంటి గిన్నెలోంచి.

ఈ రోజు మందిరంలో అందరికంటే చిన్న సంచి నాదే. వరుసలో వెళ్లి పోసి వచ్చాను. అమ్మగారు ఏదో అన్నది. ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చున్నాక తట్టింది, ఆమె ఏమన్నదో నేను విననేలేదు. ఆ మాట కోసం ఆగనేలేదు. అక్కా, అన్నం కలుపుతూ కలుపుతూ ఏడ్చేశాను, సంతోషంతోనే. నీ మరిది కంగారుపడి "కూరల కారమెక్కువైందా?" అన్నాడు. రేపు ఆ పొగడ్తల ఆశ మళ్లీ లేవదని చెప్పను. నా గురించి తెలిసినదానివి, ప్రార్థన మానకు.

మన అయ్యగారికి, సంఘ పెద్దలకు, అడిగినవాళ్లందరికీ నా వందనాలు చెప్పు. పిల్లల్ని బాగా చదువుకోమను. అమ్మను చలిలో బయట కూర్చోనివ్వకు.

చివరగా ఒక పని చేసిపెట్టు. వచ్చే బుధవారం ఆడవాళ్ల ప్రార్థనలో, నువ్వు నన్ను పొగిడిన చోటే నిలబడి ఈ ఉత్తరం చదువు. నీ గుణం నాకు తెలుసు, నన్ను కాపాడాలని "ఎవరో ఒకామె" అని చదువుతావు. అట్లా చేయకు అక్కా. నా పేరుతోనే చదువు.

అమ్మ దీవెనలు, మీ అందరి ప్రార్థనలు కోరే
నీ చెల్లెలు,
కరుణ