చాయ్‌లో కలిపిన ఎంజైమ్

అక్కా,

పీహెచ్‌డీలో చేరాక నాకు పొగరెక్కి నాన్న ఫోన్ ఎత్తడం లేదని ఇంట్లో అంటున్నారట. పొగరు కాదు, ఎత్తే మొహం లేదు.

మా ల్యాబ్‌లో చేసే బ్యాక్టీరియా ఎంజైమ్ పండ్ల చక్కెరను షుగర్ పెంచని చక్కెరగా మారుస్తుందని గొప్పలు చెప్పి, సీసాలో తెచ్చి నాన్నకు చూపించి, ఇంట్లోనే వదిలేసింది నేనే. "నా బిడ్డ చేసిన మందు చాయ్‌ల కలుపుకుంటున్న, ఇగ షుగర్ గోలీలెందుకు?" అని నాన్న వాయిస్ మెసేజ్ పెట్టిండు.

ఆ ఎంజైమ్ మధ్యలో చిన్న గుంట ఉంటుంది. అందులో ఒదిగిన పండ్ల చక్కెరను లోహపు అయాన్ కదలకుండా పట్టుకుంటే, ఒక పక్క గోడ హైడ్రోజన్‌ను లాగేస్తుంది, ఎదుటి గోడ ఇంకోటి ఇస్తుంది, దాంతో చక్కెర రూపు మారుతుంది. చాయ్‌లో వేసే చక్కెర రెండు చక్కెరలు అతుక్కున్న జంట అణువు, ఆ గుంటలో పట్టదు; అంటే నాన్న తాగేది మామూలు చక్కెర చాయే. ఇది తెలిసీ, ఆయన మురిపెం పోతుందని నోరు మూసుకున్నా.

ఇది అందగానే గోలీలు వేయించు. ఆదివారం ఇంటికి, చండ్రుగొండ వస్తున్నా. సీసా పారబోసి, నాన్నను దవాఖానాకు తీసుకెళ్తా. ఎందుకో ఆయనకు నేనే చెప్తా.

నీ చెల్లి