నీలం పట్టని ముక్కలు

జూలై 10, బుధవారం

ప్రియమైన వదినకు,

నమస్కారాలు. నువ్వూ అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనూ బాగానే ఉన్నానని రాయడం మర్యాద కాబట్టి అదీ రాశాను. ఇక నిజం రాస్తాను.

నా పని మళ్ళీ చెడింది. శుక్రవారం నాటికి ఒక్క ముక్కయినా సరిగ్గా చూపించకపోతే దీన్ని మా సీనియర్‌కి ఇచ్చేస్తానన్నారు నా పరిశోధన గైడు. అప్పుడు ఈ ల్యాబులో నాకు చోటుండదు.

అన్నయ్యకి ఎన్నిసార్లు చెప్పినా ఏదో గాజుపలకల చదువు అంటాడు. నువ్వైనా విను. కీళ్ళలో ఎముక చివర తెల్లగా, నున్నగా ఒక తొడుగు ఉంటుంది. మృదులాస్థి అంటారు. అందులో కొల్లాజెన్ అనే పీచు వలలా అల్లుకుని ఉంటుంది. వల ఒక్కటే బరువు ఆపలేదు. దాని సందుల్లో ప్రోటియోగ్లైకాన్‌లు ఇరుక్కుని ఉంటాయి. పాలసీసా కడిగే బ్రష్షును గుర్తు తెచ్చుకో. మధ్యలో కాడ ప్రోటీను, చుట్టూ కుచ్చులు చక్కెర గొలుసులు. కుచ్చులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండటం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా నిలబడతాయి. ఆ ఖాళీల్లో నీళ్ళు చేరతాయి. అడుగు వేస్తే కొంత నీరు బయటికి పోతుంది, తీస్తే తిరిగొస్తుంది. చర్మంలోనూ, స్నాయువుల్లోనూ, రక్తనాళాల గోడల్లోనూ వీటి చుట్టాలున్నాయి. నువ్వు రోజూ అన్ని మెట్లు ఎక్కి దిగుతున్నావంటే వీటి చలవే.

ఆ మృదులాస్థిని పల్చటి ముక్కలుగా కోయడం నా పని. ఈ బ్రష్షులు ఉంటే ఒక రంగు వేయగానే ముక్క నీలమవుతుంది. నా ముక్కలు జ్వరం వచ్చి లేచినవాళ్ళ మొహాల్లా పాలిపోయి ఉంటాయి. వల ఉంటుంది, బ్రష్షులుండవు.

నీది భస్మాసుర హస్తమమ్మా, దేనిమీద పెడితే అది మాయం, అన్నారు గైడు అందరి ముందూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకే నామీద నాకు ఒళ్ళుమంట. ఆ సీనియర్‌ని మేం చాటుగా 'గంట' అంటాం, ఆవిడ గొంతు అలాంటిది. పోనీలే పాపా, అందరికీ అన్నీ రావు కదా, అని నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పుకంటే తిట్టు నయం. రంగు మళ్ళీ కలిపాను. అందులో ఆమ్లం సరిచూశాను. కత్తి మార్చాను. ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. నా తప్పు ఏ పుస్తకంలోనూ లేదు.

మేక కీళ్ళు ఎక్కడ మంచివి దొరుకుతాయని నిన్నడిగానే, అవి దీనికోసమే. నువ్వు చెప్పిన దుకాణంలోనే, మీ పుట్టింటి వీధి చివర, కొంటున్నాను. ఆ దుకాణదారు ఎందుకని ఏనాడూ అడగలేదు. నోరు విప్పే పని లేదని నాకూ హాయిగా ఉండేది. ఇవాళ అలవాటుకంటే ముందే వెళ్ళాను. నాకోసం విప్పిపెట్టిన కీలుకి ఏదో ఆకుపచ్చ ముద్ద రుద్దుతున్నాడు. అలా పట్టించి నాననిచ్చి, నేనొచ్చేలోపు కడిగి పొట్లం కడతాడట, ప్రతిసారీ. ఇదేమిటని అడిగాను. పచ్చి బొప్పాయి చెల్లెమ్మా, ఇది పట్టిస్తే రాయైనా వెన్నలా ఉడుకుతుంది, అన్నాడు సంబరంగా.

వదినా, బొప్పాయి పాలు ఆ బ్రష్షుల కాడల్ని తెగ్గోస్తాయి. కుచ్చులు ఊడి నీళ్ళలో కొట్టుకుపోతాయి. పీచు వల మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి పైకి కీలు బాగానే కనబడేది. ఆ పాలతో చేసిన పొడి మా ల్యాబులో సీసాలో ఉంది, సరిగ్గా ఆ పనికే! దాని ఎదురుగా కూర్చునే ఇన్నాళ్ళూ తల పట్టుకున్నాను.

అక్కడే చెప్పాల్సింది. పొట్లం తీసుకుని వచ్చేశాను. రేపు మాత్రం ఎవరినడిగి రుద్దావని నిలదీస్తాను. నిలదీయకపోతే శుక్రవారం నా బల్ల ముందు ఆ 'గంట' కూర్చుంటుంది.

ఇది అన్నయ్యకి చదివి వినిపించకు.

ఇట్లు,
నీ ఆడపడుచు

తా.క. గురువారం. నిన్న ఈ ఉత్తరం పోస్టు చేయలేదు, మంచిదైంది. పొద్దున వెళ్ళి అడిగాను. అతను తెల్లబోయాడు. మీ వదినే కదమ్మా ఫోన్ చేసి చెప్పింది, అన్నాడు. ఆ పిల్లకి వంట రాదు, ఎముక ఉడికించుకోలేదు, కాస్త మెత్తబరిచి ఇవ్వు, తనతో మాత్రం అనకు, సిగ్గుపడుతుంది, అన్నావట. పాపం నాకోసం అతను తన పెరట్లో ఒక్క బొప్పాయినీ పండనివ్వలేదట. మాకు పండెప్పుడని అతని ఇంట్లో పిల్లల గోలట.

లోపలికెళ్ళి ఏమీ పట్టించని కీలు తెచ్చిచ్చాడు. సాయంత్రానికి ముక్కలన్నీ నీలమయ్యాయి. గైడు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే, ఏం మార్చావని అడిగారు. బొప్పాయి సంగతి అందరి ముందూ చెప్పాను. 'గంట' నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు.

కీళ్ళు తినడానికి కాదని నీకు రాయలేదు, నిజమే. నువ్వూ అడగలేదు. నాకు వంట వచ్చు వదినా.