మా వీధిలో ఎవరూ లేరు

మార్చి 4
కాలేజీ వాళ్ళు నాకు మా వీధే ఇచ్చారు. మత్తు వాడకం మీద ఇంటింటి సర్వే. ప్రశ్నలు నేనే రాశాను. ‘మాదకద్రవ్య వ్యసనం’ అని రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఎంత గంభీరంగా ఉందో!

మార్చి 5
పంతొమ్మిది ఇళ్ళు. పంతొమ్మిదింట్లోనూ మా ఇంట్లో ఎవరూ లేరమ్మా అన్నారు. మూలింటి టైలర్ మామయ్యయితే, ఈ వీధిలో మత్తెక్కించేది నీ ఉపన్యాసం ఒక్కటేనే అమ్మాయీ అన్నాడు. వాళ్ళావిడ పగలబడి నవ్వింది.

మార్చి 6
మా మేడమ్ ఫారాలు చూసి, ఇది సర్వేనా పోలీసు విచారణా అంది. ఆ పెద్ద మాట కొట్టేయమంది. ఒళ్ళు నొప్పులకి ఏం వేసుకుంటారు, నిద్ర పట్టకపోతే ఏం చేస్తారు అని అడుగు, అడిగాక నోరు మూసుకుని విను అంది.
కొట్టేస్తుంటే ప్రాణం చివుక్కుమంది.

మార్చి 8
అవే ఇళ్ళు. నాలుగింట్లో దగ్గు సిరప్, ఐదింట్లో నిద్రమాత్రలు. టైలర్ మామయ్య గొంతు తగ్గించి, సిరప్ పడకపోతే సూదిలో దారం ఎక్కించలేనే అన్నాడు. ఈసారి వాళ్ళావిడ నవ్వలేదు.
ఇంటికొచ్చి, సరదాకి పిన్నినీ అడిగాను. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. పదకొండేళ్ళుగా లాండ్రీలో ఇస్త్రీ పని. భుజం నొప్పికి ఏం వేసుకుంటావంటే, రెండేళ్ళ కిందట డాక్టరు రాసిన మాత్రలే అంది. ఆయన రాసింది పది రోజులకి. ఇప్పుడు ఎన్నేసుకుంటున్నావన్నాను. దుప్పటి మడత పెడుతూ, ఎనిమిది అంది.
రోజుకా?
రోజుకే.

మార్చి 9, సాయంత్రం
పిన్ని పనికెళ్ళగానే ఇల్లంతా వెతికి, మాత్రల అట్టలన్నీ చెత్తబండిలో వేసేశాను. గొప్ప పని చేశాను!

మార్చి 11
గొప్ప పనీ కాదు, పాడూ కాదు. పిన్నికి నిన్నటి నుంచి వాంతులు, చెమటలు, కాళ్ళల్లో ఒకటే పీకుడు. లాండ్రీకి వెళ్ళలేదు. మేడమ్‌కి ఫోన్ చేస్తే గట్టిగా చీవాట్లు పెట్టింది. అలవాటు పడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తారా, డాక్టరు చూస్తూ కొంచెం కొంచెంగా తగ్గించాలి, వెంటనే డీ-అడిక్షన్ క్లినిక్‌కి తీసుకెళ్ళు అంది.
పిన్ని ససేమిరా రానంది. నన్ను తాగుబోతుల వరసలో నిలబెడతావా, పెంచినందుకు బాగానే చేశావు అంది.
నాకు వచ్చిన పెద్ద పెద్ద మాటలన్నీ తడుముకున్నాను. ఏదీ పనికి రాలేదు. చివరికి, తప్పయింది పిన్నీ, భయమేసింది అన్నాను. పిన్ని గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, అటు తిరిగే, ఆ క్లినిక్ ఎన్నింటికి తీస్తారే అని అడిగింది.

మార్చి 12
క్లినిక్‌లో నేనూ డాక్టరు గదిలోకి వస్తానంటే, నువ్వు ఇక్కడే కూర్చో అంది పిన్ని. నలభై నిమిషాలు. తలుపు అవతల పిన్ని మాట్లాడుతూనే ఉంది. వినాలని చూడలేదు.
మధ్యలో ఒక్కసారి నవ్వింది.