కొళాయి నుంచి ఎన్ని అడుగులు

మన చిట్టి వాళ్లమ్మకు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, చిట్టీ, మీ అన్నయ్యగారింట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ బడి తెరిచారు, ఒక్కపూటే. దీపాలు సాయంత్రం రెండు గంటలు వెలుగుతున్నాయి. చిట్టి కాలికి సరిపడే బూట్లు ఎక్కడా దొరకలేదు.

మునిసిపాలిటీలో నా పని మళ్లీ మొదలైంది. శత్రువుకు దారి తెలియకూడదని యుద్ధంలో వీధుల పేర్ల పలకలన్నీ నా చేతులతోనే విప్పాను కదా. ఇప్పుడు నేనే బిగిస్తున్నాను. గోడ లేనిచోట కర్ర పాతి కొడుతున్నాం. "శత్రువు సంగతేమో గానీ, దారి తెలియనిది మనకే" అని మేస్త్రీ నవ్వుతాడు. నేనూ నవ్వినట్టు నోరు తెరుస్తాను.

మంగళవారం మన వీధి వంతు వచ్చింది. కర్ర పాతి, పలక కొట్టి, పనిముట్లు సర్దుకుంటుంటే పోస్టుమాన్ సైకిల్ ఆపాడు.

"ఏంటండీ, మీ వీధికి మీరే దారి తప్పారా? ఇది వెనక వీధి. మీది అదిగో, ఆ కొళాయి ఉన్నది."

మేకులు పీకి అక్కడికి మార్చాను. సిగ్గేయలేదు. ఏమీ అనిపించలేదు.

ఇల్లు ఎలా ఉందని నువ్వడిగితే, సున్నం వేయించాలి అని మూడుసార్లు రాశాను. అబద్ధం. ఇల్లు లేదు. అత్తయ్య మోకాళ్ల నొప్పి తగ్గిందా అని ప్రతిసారీ అడుగుతున్నావు. నువ్వెంత బతిమాలినా "నా ఇల్లు వదిలి రాను" అని కూర్చుంది కదా. ఆఖరిసారి బాంబులు పడ్డ రోజు నేను పనిలో ఉన్నాను. అమ్మ ఇంట్లో ఉంది. ఇంకా అక్కడే ఉంది. నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నాకింతవరకు ఏడుపూ రాలేదు. నువ్వు తిడితే వస్తుందేమో.

శిథిలాలు తీసేవాళ్లు వచ్చే నెల మొదట్లో మన వీధికి వస్తారు. ఎవరైనా చోటు చూపిస్తే జాగ్రత్తగా తవ్వుతారట, లేకపోతే అంతా చదును చేసేస్తారు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఇటుకల కుప్పే. మిగిలింది కొళాయి ఒక్కటే. అక్కణ్ణుంచి మన గుమ్మానికి ఇన్ని అడుగులని, బకెట్టు దించిన ప్రతిసారీ లెక్క చెప్పి సణిగేదానివి. నేను ఒక్కనాడూ చెవిన పెట్టలేదు.

ఎన్ని అడుగులో వెంటనే రాయి. నీ అడుగులు నావాటికన్నా చిన్నవి. బరువు మోస్తున్నట్టే, నెమ్మదిగా నడుస్తాను.

ఇట్లు,
చిట్టి వాళ్ల నాన్న