ఖాదర్ భాయ్ సలాం

ఆగస్టు 2008, శుక్రవారం రాత్రి

పక్షవాతం వచ్చిన చేతులకు కసరత్తు చేయించే రోబో మీద ఈరోజు మా ఫిజియోథెరపిస్టులకు శిక్షణ. ఒకసారి కదిలించి చూపితే గుర్తుపెట్టుకుని, పట్టీలో ఉన్న చేతిని అలాగే కదిలిస్తుంది. నా చెయ్యి పెట్టాను.

మెల్లగా లేపి, నుదుటికి తాకించి ఆగిపోయింది.

అది బహదూర్‌పురా నుంచి వచ్చి ఈ రోబో మీదే కసరత్తు చేసిన మా పేషెంట్ ఖాదర్ భాయ్ అలవాటు. పడిపోయిన చేతిని రెండో చేత్తో ఎత్తి, కసరత్తుకు ముందు నాకు సలాం చేసేవారు. నేను జవాబు చెప్పేదాకా దించేవారు కాదు. పోయిన వారమే చనిపోయారు.

చెయ్యి లాగినా రాలేదు. "వాలేకుం సలాం, భాయ్" అన్నాను. అప్పుడు దించింది.

టెక్నీషియన్ యాదగిరి బిత్తరపోయాడు. "ఆయన కదలికల రికార్డింగ్ నిన్ననే తీసేసిన మేడం."

రేపు ఆ పట్టీలో జానకమ్మగారి చెయ్యి పెట్టాలి. పక్షవాతంతో ఆమెకు మాట కూడా పడిపోయింది. జవాబు ఎలా చెబుతుంది?