ఇరవై మీటర్లు

ఏప్రిల్ 26, 2009. ఆదివారం

మా బెంట్లీ కార్ల క్లబ్‌లోని రోలాండ్ తన బండి వదిలించుకుంటాడట. కూతురికి కవలలు పుట్టారు, వెనక సీటున్న బండి కావాలి. మా బండితో మార్పిడి చేసుకుందామని క్లిఫర్డ్‌ని అడిగాడు. మధ్యాహ్నం నుంచి నా మొగుడు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

మాది కాంటినెంటల్ ఆర్. పొడుగ్గా, హుందాగా, నలుగురు సుఖంగా కూర్చునేలా ఉంటుంది. రోలాండ్‌ది కాంటినెంటల్ టి. అదే బండిని కాస్త పొట్టి చేసి, బలం పెంచి, బటన్ నొక్కితే గర్జించేలా చేశారు. వెనక సీట్లో సంచి పడుతుంది, మనిషి పట్టడు. పన్నెండేళ్ళుగా క్లిఫర్డ్ మనసు దాని మీదే. నాకు తెలియదనుకుంటాడు.

ఏప్రిల్ 29

గేటు స్తంభానికి ఆర్ గీసుకుంది. స్తంభమే వంగిందంటాడు.

మే 2

పొరుగింటి తెల్ల కుక్కను చూసి, ఈ గొర్రె ఎవరిదని అడిగాడు. నలభై ఏళ్ళు పశువుల డాక్టరుగా చేసిన మనిషి! ముందు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. మా సందు చివర బడి ఉంది.

డెబ్బై దాటినవాళ్ళు మూడేళ్ళకోసారి లైసెన్సు కొత్తగా తీసుకోవాలి. కళ్ళు బాగున్నాయని మన నోటిమాట చాలు. క్లిఫర్డ్ ఆ మాట ఎప్పుడో ఇచ్చేశాడు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ముఖం ముడుచుకున్నాడు. చివరికి పందెం కాశాడు. డ్రైవింగ్ టెస్టులో అడిగినట్టే ఇరవై మీటర్ల నుంచి నంబరు ప్లేట్లు చదువుతాడట. చదవలేకపోతే తాళాలు నావి. చదివితే టి విషయంలో నేను నోరెత్తకూడదు.

సరే అన్నాను.

మే 10. ఆదివారం, సాయంత్రం 6

నెలకోసారి పబ్ ముందు మా క్లబ్ బండ్లన్నీ చేరతాయి. మగవాళ్ళు ఒకరి బానెట్‌లో ఒకరు తలదూరుస్తారు. భార్యలం సాండ్‌విచ్‌లు తింటూ చలికి వణుకుతాం. దీన్ని సరదా అంటారు.

క్లిఫర్డ్‌ని గోడ దగ్గర నిలబెట్టి, అడుగులతో దూరం కొలిచి, ఒక్కో బండీ చూపించాను. ఆకుపచ్చది? చెప్పాడు. మూలనున్న నల్లది? చెప్పాడు. గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పాడు, ఒక్కటీ తప్పు పోలేదు. కళ్ళద్దాలు కావాల్సింది నాకేమోనని ఎకసెక్కం కూడా.

ఓడిపోయి ఇంత సంతోషించడం ఇదే మొదలు. అనవసరంగా గోరంతలు కొండంతలు చేశాను.

మే 16. శనివారం

బండి మార్చుకోవడానికి రోలాండ్ ఇంటికి వెళ్ళాం. ఆవరణ చివర, ఎండలో, టి కడిగి సిద్ధంగా ఉంది. క్లిఫర్డ్ గేటు దగ్గరే ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాడు.

"ఆర్ వి పి ఏడు," అన్నాడు ముద్దుగా. "ఎంత బాగుందో చూడు, మ్యూరియల్."

ఆ బండి మీద ఆ నంబరు లేదు.

ముచ్చటపడి కొనుక్కున్న నంబరు మనిషిది, బండిది కాదు. బండి పోయినా నంబరు అట్టేపెట్టుకోవచ్చు. రోలాండ్ తన పేరు అక్షరాలున్న ఆ నంబరును మూడు రోజుల క్రితమే భార్య ఐరిస్ చిన్న కారుకు మార్చాడు. టి మీద ఇప్పుడున్నది వేరే ఏదో మామూలు నంబరు.

అప్పుడర్థమైంది. పబ్ దగ్గర క్లిఫర్డ్ ఒక్క నంబరూ చదవలేదు. రంగూ ఆకారమూ చూసి అప్పజెప్పాడు. మా క్లబ్ మగవాళ్ళకు పెళ్ళాల పుట్టినరోజులు గుర్తుండవు గానీ, అందరి బండ్ల నంబర్లూ కంఠతా వచ్చు. ఆ సంగతి తెలిసి కూడా అక్కడే పరీక్ష పెట్టాను, తెలివితక్కువదాన్ని.

రోలాండ్ తేలు కుట్టిన దొంగలా కంచె వైపు చూశాడు. ఐరిస్ టీ చల్లారిపోతోందంది. నలుగురం కూర్చుని వాన గురించి అరగంట మాట్లాడుకున్నాం. మా వాళ్ళకు మర్యాద ఎక్కువ, చివరికి దానితోనే చస్తాం.

మార్పిడి సంగతి తర్వాత చూద్దామని రోలాండ్ గొణిగాడు. ఆర్ తాళాలు క్లిఫర్డ్ చేతిలో ఉన్నాయి. చెయ్యి చాచాను.

"ఇవాళ నేను నడుపుతా. సరదాగా ఉంది," అన్నాను.

నా వంక చూశాడు. రోలాండ్ వంక చూశాడు. ఏదో తప్పు చదివానని అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. తాళాలు నా చేతిలో పెట్టాడు.

మే 17

వాన. తాళాలు నా సంచిలోనే ఉన్నాయి.

మే 18

గుడ్డు ఉడికించాను. తిన్నాడు.

మే 19. ఉదయం

టోస్టుకు వెన్న రాస్తూ తనే మొదలుపెట్టాడు.

"నేను మోసం చెయ్యలేదు, మ్యూరియల్. నిజంగా కనిపించాయి. అక్షరం అక్షరం కనిపించింది."

నమ్మానన్నాను. నిజంగానే నమ్మాను.

"ఏది కనిపిస్తోందో, ఏది గుర్తుందో నాకే తేడా తెలియట్లేదు." రాసిన వెన్నే మళ్ళీ రాశాడు. "రోడ్డు మీదికొచ్చే పిల్లాడు నాకు ముందే గుర్తుండడు కదా."

బడి గురించి ఎలా ఎత్తాలా అని మూడు రోజులు నిద్రపోలేదు నేను. తనే అనేశాడు. బావురుమన్నాను. నా భుజం తట్టి, రోలాండ్‌కు వద్దని చెప్పెయ్యమన్నాడు.

మే 22

చూపు నడిమధ్యన పోతోందట, తిరిగి రాదట. కళ్ళ డాక్టరు చాలా మర్యాదగా చెప్పింది. ఇంటికొచ్చి, వాపసు పంపడానికి లైసెన్సు కవర్లో పెట్టి, స్టాంపు క్లిఫర్డే అంటించాడు. వంకరగా పడింది. నేను సరిచెయ్యలేదు. పోస్టు డబ్బా దాకా ఇద్దరం నడిచివెళ్ళాం.

మే 24

క్లిఫర్డ్ తోటలో ఉండగా రోలాండ్‌కు ఫోన్ చేశాను. మార్పిడి ఖాయం అన్నాను. ఎవరు నడుపుతారని అడిగాడు. నిమ్మకు నీరెత్తినట్టు, నేనే అన్నాను. నీకు అరవై తొమ్మిదేళ్ళు, అది ఐరిస్ చిన్న కారులాంటిది కాదమ్మా అన్నాడు. నాకింకా ఏడాది టైముంది అన్నాను.

ఫోన్ పెట్టేసి, నా లైసెన్సు మీది తేదీ చూసుకున్నాను.

జూన్ 7

టి లో మొదటిసారి. ఏం కనిపిస్తోందో చెప్పమని పక్క సీట్లోంచి క్లిఫర్డ్ అడిగాడు. చెప్పాను. ఎడమన కాలువ. నీలం పడవ. పడవ మీద బట్టలారేస్తున్న ఆవిడ. ఎదర ఖాళీ రోడ్డు.

ఎంత ఖాళీ అన్నాడు.

కనుచూపు మేర అన్నాను.

"అయితే తొక్కు."

తొక్కాను.